రక్తసాక్షి

ఆ కాలానికి విశాఖలో మనిషిని పలకరించే ముందు మణికట్టు చూడడం అలవాటైపోయింది. తాగుడు మానుతున్నవాళ్ళ చర్మం కింద ఆవగింజంత యంత్రం ఉండేది. డాక్టర్ షమీమ్ దాన్ని కనిపెట్టి 'రక్తసాక్షి' అని పేరు పెట్టింది. ఒంట్లో మద్యం చుక్క పడితే అది ఎర్రగా వెలుగుతుంది, మనిషి ఉన్న చోటుతో సహా ల్యాబు తెరకు కబురు పంపుతుంది. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే గామా జీటీ లాంటి ఎంజైములనూ కొలుస్తుంది. తాగుడు మానిన కొన్ని వారాలకు అవి నెమ్మదిగా దిగివస్తాయి. నోటికి అబద్ధం అలవాటేగానీ రక్తానికి చేతకాదని షమీమ్ నమ్మకం.

ఒక మధ్యాహ్నం ఇందుమతి ల్యాబుకొచ్చింది. ఆమె భర్త భానోజీ ఓడరేవులో రోబో క్రేన్ల మీద పర్యవేక్షకుడు.

"మీ మిషన్ చెడిపోయింది మేడమ్. మా ఆయన మళ్ళీ తాగారు."

షమీమ్ తెర చూసి నవ్వింది. "లేదమ్మా. ఎంజైములన్నీ మామూలుకొచ్చేశాయి. ఇంత శుభ్రమైన రక్తం నాక్కూడా లేదు."

అప్పుడు చూసింది, కొంగు చాటున వాచిన చెంప.

"అడక్కుండా కిటికీ తెరలు మార్చానని కొట్టారు," అంది ఇందుమతి. "పూర్వం తాగొచ్చి కొట్టేవారు. తెల్లారాక కాళ్ళు పట్టుకుని, మందు కొట్టించిందే ఇందూ, నేను కాదే అని ఏడ్చేవారు. మనిషి బంగారం మేడమ్. ఒక్క చుక్కైనా పడే ఉంటుంది. మళ్ళీ చూడండి, మీకు పుణ్యముంటుంది."

తాగలేదని చెప్పమని ఆ యంత్రానికి మొక్కిన భార్యల్ని షమీమ్ ఎందరినో చూసింది. తాగాడని చెప్పమని బతిమాలేదాన్ని ఇదే చూడడం.

ఇంతలో భానోజీ రొప్పుతూ వచ్చాడు. "తాగాను డాక్టరమ్మా! పిల్లల మీద ఒట్టు. మీ యంత్రానికి తెలియలేదు."

ఇన్నేళ్ళూ తాగొచ్చి తాగలేదని ఒట్లేసిన మనిషి! షమీమ్ అతని మణికట్టు పట్టుకుని పరీక్ష పెట్టె మీద ఆనించింది.

"మద్యం లేదు. ఎంజైములు సాధారణం. అభినందనలు," అంది యంత్రం.

భానోజీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. భార్య వైపు చూడలేక గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. ఇందుమతి గోడకు చేరగిలబడింది.

"వాడి దగ్గరికి వెళ్ళకు. ఇక్కడే ఉండు. నీకు పనీ, గదీ నేను చూస్తాను," అంది షమీమ్. ఇందుమతి తలూపింది.

పొద్దు వాలుతుండగా తెర మీద ఎర్రదీపం వెలిగింది. రేవు పక్క బారులో భానోజీ పీకలదాకా తాగుతున్నాడు. దాచడం ఇష్టంలేక, షమీమ్ ఇందుమతి ఉన్న గదిలోకెళ్ళి చెప్పింది.

ఇందుమతి గబుక్కున లేచింది. ముఖం కడుక్కుని జుట్టు ముడేసుకుంది. మధ్యాహ్నం నుంచీ ఆమె కళ్ళలో లేని వెలుగు ఇప్పుడొచ్చింది.

"చూశారా మేడమ్, నే చెప్పలేదూ!" అంది. "పాపం, మందే ఆయన్ని పాడుచేస్తోంది. ఇక ఫర్వాలేదు, ఇంటికెళ్తాను."