బొటనవేలి తొడుగు

2024 ఆగస్టు 18, ఆదివారం ఉదయం. గద్వాల శివారులోని జమ్ములమ్మ ఇంటి వసారాలో ఆరుగురు ఉన్నారు: జమ్ములమ్మ, ఆమె కూతురు రోజా, వనపర్తిలో లేత్ నడిపే మల్లేశ్, విత్తన పత్తి ఏజెంటు శ్రవణ్ కుమార్, ప్రైవేట్ డిటెక్టివ్ తిమ్మప్ప, ఆయన సహాయకురాలు గీత.

ఉండవలసిన వస్తువు మాత్రం లేదు. అదొక ఇత్తడి తొడుగు. బొటనవేలికి తగిలించుకొని పత్తి మొగ్గ మీద ఒకసారి తిప్పితే కేసరాలన్నీ రాలిపోతాయి; నడుమనున్న కీలానికి దెబ్బ తగలదు. విత్తన పత్తి చేలల్లో ఆడమొక్కల మొగ్గలను సాయంత్రం ఇలా ఒలిచి, మర్నాటి ఉదయం మగపూల పుప్పొడి అద్దుతారు. ఒలిచిన ప్రతి మొగ్గకూ గుర్తుగా ఎర్రదారం చుడతారు. ఈ ఒలుపంతా గోటితోనే. తల్లి బొటనవేలి గోరు నిలువునా చీలిపోవడం చూసి, ఐ.టి.ఐ. చదివిన రోజా ఏళ్ల తరబడి శ్రమించి ఆ తొడుగును రూపొందించింది. సోమవారం పేటెంటు దరఖాస్తు పంపాలి. శనివారం మధ్యాహ్నం మల్లేశ్, శ్రవణ్ వచ్చి చూసి వెళ్లాక తొడుగు కనిపించలేదు.

“ఇంకొకలు నాకన్న ముందుగాల దరఖాస్తు పెడితే, అది నాదని నిరూపించుకునేటందుకే నా జిందగీ అంతా పోతది సార్,” అంది రోజా.

తిమ్మప్ప ఆమె గీసిన నమూనా చిత్రాన్ని వెలుగుకు పట్టి చూశాడు. “అంచున ఈ సందెందుకమ్మా?”

“అమ్మ చీలిన గోరు గా సందులకెళ్లి బయటికొస్తది. ఆడ గోరే కత్తి. మొదటిది ఆమె వేలి కొలతకే చేసిన.”

మల్లేశ్‌ను ప్రశ్నిస్తే ఆయన నొచ్చుకున్నాడు. తొడుగును లేత్ మీద తీసినవాడు ఆయనే. “కొలతలన్నీ నా తలకాయలనే ఉన్నయి. నేను చేసిందాన్ని నేనే దొంగతనం చేస్తనా?” అన్నాడు.

శ్రవణ్ మాత్రం తడుముకోలేదు. తొడుగును దూరం నుంచి చూడటమే తప్ప ముట్టనేలేదన్నాడు. “నిన్న కూలోళ్లు రాలే. నా చేన్ల మొగ్గ ఒక్కటి ఒలువలే. నా పరేషాన్ల నేనుంటే, మీ టోపీ నాకెందుకు రోజక్కా?”

తిమ్మప్ప గీతను వెంటబెట్టుకొని శ్రవణ్ చేనికి నడిచాడు. ఒలవని మొగ్గలు విచ్చుకొని చేనంతా పూలే ఉన్నాయి. లోపలి సాలులో ఒకచోట మాత్రం గీతకు ఎర్రదారాలు కనిపించాయి. తిమ్మప్ప వంగి చూసి, ఆ మొగ్గల్లో మూడింటిని కోసి జేబురుమాలులో పెట్టుకున్నాడు. అవి ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

తిరిగి వచ్చాక అందరినీ కూర్చోబెట్టి, ఆయన రుమాలు విప్పాడు.

“ఇవి నిన్న సాయంత్రం ఒలిచిన మొగ్గలు. ఒక్కటీ ఒలవలేదన్న చేనిలోనివి. గోటితో ఒలిస్తే అంచు చిరుగుతుంది. వీటి అంచు నున్నగా తెగింది. కానీ ప్రతి మొగ్గకూ ఒక పక్కన కాసిన్ని కేసరాలు మిగిలాయి. అది తొడుగులోని సందు ఉన్న చోటు. జమ్ములమ్మ వేలికైతే అక్కడ గోరు కోసేది. ఈ వేలికి చీలిన గోరు లేదు. మల్లేశ్‌కు తొడుగు కావాలంటే ఇంకొకటి చేసుకోగలడు. పనిచేస్తుందో లేదో చేనిలో పరీక్షించుకోవలసినవాడు వేరే ఉన్నాడు.”

శ్రవణ్ లేచి, బండి సీటు కింది నుంచి తొడుగు తెచ్చి జమ్ములమ్మ ముందు పెట్టాడు. నాగర్‌కర్నూల్ నుంచి ఒక విత్తన కంపెనీ మనిషి మర్నాడు రానున్నాడని, ఇంకా ఎవరికీ చూపలేదని ఒప్పుకున్నాడు.

“మరి దారమెందుకు కట్టావయ్యా?” అని అడిగింది గీత, ఉండబట్టలేక. “కట్టకపోతే మేం చూసేవాళ్లమే కాదు.”

“తెల్వదు మేడమ్. మొగ్గ ఒలిస్తే చెయ్యి దానంతటదే కడతది. ఊహ తెలిసిన కాన్నుంచి గదే పని.”

“చిన్నప్పుడు నీకు కట్టుడు నేర్పింది నేనే గదరా,” అంది జమ్ములమ్మ. ఆమె కాసేపు తొడుగును వేలికి పెట్టి తీసి చూసుకుంది. “పోలీసులొద్దు సార్. ఇది నా బిడ్డ చేసిందని వీడే రాసియ్యాలె.”

శ్రవణ్ రాశాడు. మల్లేశ్, గీత సాక్షులుగా నిలిచారు. రోజా ఆ కాగితాన్ని ఒక్కొక్క మాటగా చదివి, నాలుగు మడతలు పెట్టి, ఎర్రదారపు ఉండల డబ్బాలో దరఖాస్తు కింద ఉంచి మూత వేసింది.