కార్బురేటరులో ఎక్స్‌రే

"నువ్వు వేసింది సీలా, బన్ను ముక్కా? ఎలా ఉబ్బిందో చూడు!"

మా ఇదాల్మీస్ పిన్ని నడిరోడ్డు మీద కారు బానెట్ ఎత్తి అరుస్తోంది. ఎదురుగా మెకానిక్ ఒస్మెల్ తల వంచుకుని నిలబడ్డాడు. కార్బురేటరు కింద గాలి దూరకుండా అతను సైకిల్ ట్యూబు కోసి వేసిన సీలు పెట్రోలు తగిలి పాడైపోయింది.

"కమహువానీ ఊరు మొత్తానికి నువ్వే గొప్ప మెకానిక్‌వట!"

"ఎవరన్నారు?"

"నువ్వే. మొన్న డాన్సులో."

వెనక సీట్లో నేను నవ్వు ఆపుకున్నాను. నాకు మాట్లాడటం రాదు గానీ చూడటం బాగా వచ్చు. అంత కోపంలోనూ పిన్ని, ఒస్మెల్ చెయ్యి కాలిందేమోనని చూస్తోంది.

ఆ కారు తాతయ్యది. మా అమ్మ పుట్టకముందు నుంచీ ఉంది. దాని సామాను క్యూబాలో ఏ కొట్లోనూ దొరకదు. తాతయ్య పోయాక పిన్నే దాన్ని టాక్సీగా నడుపుతోంది. ఊరికే ఆగిపోతుంటే అమ్మమ్మకు విసుగొచ్చింది.

"ఆదివారం హవానా నుంచి కొనేవాడు వస్తున్నాడు. ఆ రోజు చర్చి మిట్ట ఎక్కితే ఉంచుతాను. లేకపోతే అమ్మేస్తాను."

ఆ రాత్రి పిన్ని అన్నం ముట్టలేదు.

ఆదివారం పొద్దున్నే ఒస్మెల్ వచ్చాడు. చేతిలో పాత ఎక్స్‌రే. మా ఊళ్ళో వాటిని ఎవరూ పారెయ్యరు.

"ఎవరిది?" అంది పిన్ని.

"నాదే. న్యుమోనియా వచ్చినప్పుడు తీశారు."

పిన్ని దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. "గుండె మరీ చిన్నగా ఉందే."

"అప్పటికి నిన్ను చూడలేదు."

పిన్ని చటుక్కున బానెట్ కింద తల దూర్చేసింది.

అతను ఎక్స్‌రేను సీలు ఆకారంలో కోశాడు. ఆమె రెండు మందపాటి అట్టలు అదే కొలతకు కోసి, వార్నిష్ పట్టించి ఎండలో ఆరబెట్టింది. అట్టల మధ్య ఎక్స్‌రే పెట్టి, బోల్టులను ఇటు కొంచెం, అటు కొంచెం బిగించారు. ఇంజను తిరుగుతుంటే ఒస్మెల్ అతుకు చుట్టూ సబ్బునీళ్ళు పోశాడు. గాలి దూరితే శబ్దం మారాలి. మారలేదు. ఇద్దరి తలలూ ఒకేసారి పైకి లేచాయి. అంత అందమైన నవ్వులు నేను ఇంతవరకూ చూడలేదు.

కారు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా మిట్ట ఎక్కి, అమ్మమ్మ ముందు, హవానా ఆయన తెల్ల బూట్ల ముందు ఆగింది.

ఒస్మెల్ దిగి చొక్కా సర్దుకున్నాడు. "ఇక్కడ చివర ఎవరు?" అన్నాడు. బ్రెడ్డుకైనా బస్సుకైనా, వరసలో చేరేముందు మేమంతా అడిగే మాటే అది.

"నేనే," అన్నాడు హవానా ఆయన. "కారు కోసమైతే నా తర్వాతే ఎవరైనా."

"నేనొచ్చింది కారు కోసం కాదండీ."

స్టీరింగు ముందు కూర్చున్న పిన్ని చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మమ్మ ఒస్మెల్‌ను ఎగాదిగా చూసింది. "అయితే నీ ముందు ఎవరూ లేరు నాయనా," అంది. హవానా ఆయన వైపు తిరిగి, "మీరు కాఫీ తాగి వెళ్ళండి. ఈ కారు పెళ్ళికి కావాలి," అంది.

"నన్నెవరైనా అడిగారా?" అంది పిన్ని.

అంటూనే చెయ్యి చాచి, పక్క సీటు తలుపు తెరిచింది.