హాగ్లర్ పేజీలు ఎవరు కోశారు?

"మీ సంచి ఇట్లియ్యండి."

లైబ్రరీ గడప దగ్గర గొడుగు విప్పబోతున్న నేను ఆగిపోయాను. కౌంటరు వెనక కొత్త అసిస్టెంటు లేచి నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, నూనె పెట్టి బిగించి వేసిన జడ. చూపు మాత్రం అడవి చెక్‌పోస్టు దగ్గర కర్రల లారీని ఆపే గార్డు చూపు.

"ఎందుకు మేడం?"

"చెప్త. ముందు ఇయ్యండి."

సంచిలో ఒక నోటుబుక్కు, టిఫిన్ డబ్బా, సగం తిన్న జామకాయ ఉన్నాయి. ఆమె జామకాయను కూడా తిప్పి చూసింది.

"దాంట్ల ఏం దాస్తరు మేడం?"

"దాచెటోళ్ళకు జాగ తక్కువనా?"

నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నేను రాసుకున్నది గట్టిగా చదివింది. "ప్రపంచ మిడిల్‌వెయిట్ బాక్సర్లలో ఎవరు గొప్ప? ఒకటి, మార్విన్ హాగ్లర్. రెండు, కార్లోస్ మోన్‌జోన్. మూడు, షుగర్ రే రాబిన్‌సన్. నాలుగు, హ్యారీ గ్రెబ్..." చదవడం ఆపి నా ముఖంలోకి చూసింది. "దొరికిన్రు."

"ఏం చేసిన్నని దొరికిన?"

ఇంగ్లీషు స్పోర్ట్స్ పత్రిక ఒకటి తీసి కౌంటరు మీద పరిచింది. రెండు పేజీల నడుమ బ్లేడుతో కోసిన అంచు నిటారుగా ఉంది.

"మార్చి నుంచి జూలై దాకా ఎనిమిది పేజీలు పోయినయి. అన్నీ బాక్సింగువే. ఈ లైబ్రరీల బాక్సింగు చదివేటోళ్ళు ఎందరున్నరు?"

"నేను కొయ్యలే. చేత్తోని రాసుకుంట. చూడండి, ఒక్క బొమ్మన్న అంటించి ఉందా?"

"ఇంట్ల అంటించుకున్నరేమో."

"నాది కిరాయి రూము మేడం. గోడకు తేమ. బొమ్మ నిలవది."

"అంటే అంటించి చూసిన్రన్నట్టు!"

అటెండరు పగిడయ్య పక్కనే నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. సంచి తీసుకుని వానలోకి నడిచాను. వీధి మలుపు దాకా వెళ్ళాక గానీ గొడుగు విప్పలేదని గుర్తు రాలేదు.

అది 1987 వానాకాలం. నా పేరు హీరాలాల్. మాది మణుగూరు దారిలో అడవి అంచున ఒక తండా. అక్కడి నుంచి బి.ఎ. పాసైన మొదటివాణ్ణి నేనే. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ, ట్యూషన్లు చెప్పుకుంటూ ఖమ్మంలో ఉంటున్నాను. చదువు మధ్యలో నాకు ఉన్న ఒకే ఒక సరదా మిడిల్‌వెయిట్ బాక్సర్లు. డెబ్బై రెండున్నర కిలోలు దాటకూడదు. కాబట్టి బరువుతో గెలవలేరు. వేగం ఒక్కటే చాలదు. దెబ్బలో బలం, వేగం రెండూ సంపాదించుకోవాలి. వెనక ఏ దన్నూ లేనివాళ్ళ ఆటలా అనిపిస్తుంది నాకు.

ఆమె పేరు భూక్యా రూప్లి అని కౌంటరు మీద చిన్న చెక్క బోర్డు చెబుతోంది. మా లంబాడీల పిల్లే. మర్నాడు మా భాషలో పలకరిస్తే, "ఇది ఆఫీసు" అంది తెలుగులో. ఆ రోజు నుంచి నేను ఏ పత్రిక తీసినా నా ఎదురుగా వచ్చి కూర్చుని, రిజిస్టరు రాస్తున్నట్టు నటించేది. నేను పేజీ తిప్పిన ప్రతిసారీ ఆమె తల లేచేది. ఒకసారి తుమ్ము వచ్చి జేబులో చెయ్యి పెట్టాను.

"ఏం తీస్తున్నరు?"

"రుమాలు మేడం. తుమ్ము వచ్చింది."

"తుమ్మండి మరి."

ఆమె అట్లా చూస్తుంటే ఎక్కడి తుమ్ము అక్కడే ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, అంత శ్రద్ధగా నన్ను అంతవరకూ ఎవరూ చూడలేదు. అనుమానంతోనే కావచ్చు. అయినా రోజూ తల దువ్వుకుని వెళ్ళడం మొదలుపెట్టాను.

సాయంత్రం నాలుగయ్యేసరికి వెంకటరామారావు గారు వచ్చేవారు. డెబ్బై ఏళ్ళు. కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి ఖమ్మంలో మిర్చి వ్యాపారం చేసి, కొడుకులకు అప్పగించి కూర్చున్న మనిషి. మద్రాసులో కాలేజీ చదువుతూ రెండేళ్ళు బాక్సింగు గ్లవ్స్ తొడిగారట. తెల్లటి కండువా, కిటికీ పక్క కుర్చీ, నాతో వాదన. ఈ మూడూ ఆయనకు రోజూ కావాలి.

"ఏవోయ్, ఇంకా హాగ్లరేనా నీ మొదటి నంబరు? ఏప్రిల్‌లో లెనార్డ్ చేతిలో ఓడిపోయాడుగా!"

"ముగ్గురు జడ్జీల్ల ఒకాయన హాగ్లరే గెలిచిండన్నడు సార్."

"ఇద్దరు కాదన్నారుగా! రాబిన్‌సన్‌ని చూడు. ఐదుసార్లు మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. ఐదుసార్లు!"

"నాలుగుసార్లు పోగొట్టుకుంటేనే కద సార్ ఐదోసారి గెలిచేది? హాగ్లర్ ఆరున్నరేళ్ళు ఎవ్వరికీ ఇయ్యలే."

కౌంటరు దగ్గర కిసుక్కున నవ్వు వినిపించింది. చూస్తే రూప్లి గబగబా రిజిస్టరులోకి వంగిపోయింది. ముసలాయన ముఖం మిరపపండు అయింది.

"వాదన కాదబ్బాయ్, రుజువు కావాలి. నీ హాగ్లర్ గొప్పని రాసిన ఒక్క కాగితం ఈ లైబ్రరీలో చూపించు. ఒప్పుకుంటాను!"

చూపించలేకపోయాను. ఉన్నవి కాస్తా ఎవరో కోసుకుపోయారు.

శుక్రవారం రూప్లి నన్ను బీరువాల వెనక్కి పిలిచింది. చేతిలో ఒక కాగితం. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"సోమవారం హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్షన్ ఉంది. నాది టెంపరరీ నౌకరి. పేజీలు ఎవరు కోసిన్రో రాసియ్యాలె. లేకుంటే నామీదికే వస్తది. తీసేస్తే తీసేసిన్రు, కానీ దొంగతనం మాట మోసుకొని తండాకు ఎట్ల పోను? నేను పది పాసైతే బండి మీద ఊరేగించిన్రు."

ఆమె కాగితం చూపించింది. "విషయసూచికలు చూసి రాసిన. పోయిన ఎనిమిదీ హాగ్లర్ మీద రాసినయే. రాబిన్‌సన్ పేజీలు పదకొండు ఉన్నయి. ఒక్కటీ పోలే. ఇష్టమున్నోళ్ళే కోస్తరు. ఇగ చెప్పండి, హాగ్లర్ అంటే పానం ఎవరికి?"

"నాకే."

"అవ్. మీకే."

ఆ ఉబ్బిన కళ్ళు చూసి నాకు బుద్ధి పనిచేయడం మానేసింది. "సరే, నా పేరే రాయండి," అన్నాను. "నాకింకా నౌకరి రాలే. పోయేదేం లేదు."

సంతోషిస్తుందనుకున్నాను. రెండడుగులు వెనక్కి వేసింది. "అంటే ఒప్పుకున్నట్టేనా? ఇన్ని దినాలు కొయ్యలే కొయ్యలే అని నా మొఖం మీదనే అబద్ధమాడిన్రు!"

"మేడం, అట్ల కాదు..."

"గట్లనే! పోండి!"

రూముకు వెళ్ళి తడి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె లెక్క తప్పు కాదు. పట్టుకున్న మనిషే తప్పు. ఇష్టమున్నవాళ్ళు కోస్తారు, నిజమే. కానీ గిట్టనివాళ్ళు? ఒక్క కాగితం చూపించమని అంత ధీమాగా అడగాలంటే, ఒక్కటీ లేదని ముందే తెలిసి ఉండాలి కదా?

అయినా పెద్దమనిషి. ఊరంతా నమస్కారం పెట్టే మనిషి. నా మాట ఎవరు నమ్ముతారు? అడిగితే ఆయన కాదంటే అయిపోయింది.

అప్పుడు మిర్చి మార్కెట్ గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు నాయినతో బస్తాల మీద కూర్చుని చూసేవాణ్ణి. ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద ఒక గుడ్డ కప్పుతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. నోటితో వంద అబద్ధాలు చెప్పే వ్యాపారి కూడా గుడ్డ కింద అబద్ధం ఆడడు. ఆడితే రేపటి నుంచి వాడి చెయ్యి ఎవరూ పట్టుకోరు. ఇంకో కట్టడి కూడా ఉంది. గుడ్డ కింద తెలిసింది మూడో మనిషికి చెప్పకూడదు.

శనివారం నాలుగింటికి వెంకటరామారావు గారి ఎదురుగా కూర్చున్నాను.

"సార్, ఒక మాట అడగాలె. నోటితోని కాదు. కండువ కింద."

ఆయన అదిరిపడ్డారు. తర్వాత నెమ్మదిగా ముఖం వెలిగింది. వ్యాపారం మానేశాక ఆయన చెయ్యి ఎవరూ అడిగి ఉండరు.

"నీకెట్లా తెలుసోయ్ ఈ సంగతి?"

"మాది మిర్చి చేను సార్."

కండువా తీసి మా చేతుల మీద కప్పారు. కౌంటరు దగ్గర రూప్లి లేచి నిలబడటం కంటి చివర నుంచి కనిపిస్తూనే ఉంది.

"సోమవారం ఇన్‌స్పెక్షన్, ఆ పిల్ల నౌకరి పోతది సార్. ఎన్ని పేజీలు?" మెల్లగా అడిగాను.

ఆయన చెయ్యి బిగుసుకుంది. వెనక్కి లాక్కుంటారనుకున్నాను. లాక్కోలేదు. చాలాసేపటికి నా నాలుగు వేళ్ళు పట్టుకున్నారు. వదిలారు. మళ్ళీ నాలుగు పట్టుకున్నారు.

కండువా తీసి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయారు.

రూప్లి పరుగులాంటి నడకతో వచ్చింది. "ఏంది అది? ఏం మాట్లాడుకున్నరు?"

"చెప్పరాదు."

"దొంగ ఎవరో తెలిసిందా?"

నేను తల దించుకున్నాను. "పేజీలు వస్తయి. అంతకన్న ఎక్కువ చెప్పలేను."

"ఆయన కోసిండా, మీరు కోసిన్రా? ఇద్దరూ కలిసి కోసిన్రా?"

"రూప్లీ..." మొదటిసారి పేరు పెట్టి పిలిచాను. "మీ నాయిన మిర్చి అమ్మిండా ఎప్పుడన్న? గుడ్డ కింది మాట బయట చెప్పిండా?"

ఆమె నా నోటుబుక్కు లాక్కుని వేలు పెట్టి చూపించింది. "ఈ గ్రెబ్ అనేటాయన. ఒక కంటి చూపు పోయినా ఎవరికీ చెప్పకుండ కొట్లాడిండని చదివిన. ఆయన పోటీ ఫిల్మ్ ఒక్కటి కూడ మిగల్లేదంట. చూడకుండ నాలుగో నంబరు ఎట్ల ఇచ్చిన్రు?"

"చూసినోళ్ళు చెప్పిన్రు. నమ్మిన."

"నాకు గట్ల నమ్ముడు రాదు," అంది. గొంతులో కోపం తగ్గి భయం కనిపించింది. "చిన్నప్పటి నుంచి రాదు."

ఆదివారం గడవడానికి ఎన్ని గంటలు పట్టిందో చెప్పలేను.

సోమవారం కుండపోత వాన. నేను నాలుగింటికి వెళ్ళేసరికి ఆఫీసరు కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నాడు. అతని ముందు, పేజీలు కోసిన పత్రికలు, రూప్లి రాసిచ్చిన కాగితం. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. రూప్లి నా వైపు చూడలేదు.

"ఏమ్మా, ఇదేం రిపోర్టు?" అన్నాడు ఆఫీసరు. "ఎవరి మీదా అనుమానం లేదా?"

"లేదు సార్."

"'నా అజాగ్రత్త వల్ల పోయినవి. పూర్తి బాధ్యత నాదే.' ఇట్లా రాసిస్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండకపోవచ్చు సార్."

అప్పటికి పది రోజులుగా నా సంచినీ, జేబుల్నీ, చివరికి తుమ్మునూ అనుమానించిన మనిషి ఆమె. నా పేరు రాయడానికి ఒక్క గీత చాలు. రాయలేదు. నేను కౌంటరు వైపు అడుగు వేశాను. ఏం చెప్పాలో తెలియదు. కట్టడి తప్పి అయినా చెప్పేసేవాణ్ణేమో.

"ఆగవోయ్, నేను చెప్పాల్సింది నువ్వు చెప్పకు."

వాకిట్లో వెంకటరామారావు గారు. గొడుగు ఉన్నా భుజాల దాకా తడిశారు. చంకలో ఫైలు మాత్రం పొడిగా ఉంది. దాన్ని ఆఫీసరు ముందు పెట్టారు.

"ఎనిమిది. మడత కూడా పడలేదు. నేనే కోశాను."

"మీరా? ఎందుకండీ?"

ముసలాయన ఇటూ అటూ చూశారు. "ఈ కుర్రాడు వాదనలో గెలుస్తున్నాడు."

పగిడయ్య ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వేశాడు. ఆఫీసరు కోప్పడాలో నవ్వాలో తేలక, పేజీలు అంటించమని పగిడయ్యకు ఇచ్చి, పెద్దాయనను నెల రోజులు లైబ్రరీకి రావద్దన్నాడు. రూప్లి రాసిన కాగితం నాలుగు మడతలు పెట్టి ఆమెకే తిరిగిచ్చాడు.

"నెల రోజులా?" అన్నారు వెంకటరామారావు గారు. "అప్పటిదాకా ఎవరితో వాదించను?" తర్వాత రూప్లి వైపు తిరిగి, "అమ్మాయ్, తప్పయింది," అన్నారు. వెళ్తూ వెళ్తూ నా చెవి దగ్గర ఆగారు. "హాగ్లర్‌కి రెండో నంబరు ఇస్తాను. మొదటిది అడక్కు."

ఐదు దాటాక వాన తగ్గింది. రూప్లి బయటికి వచ్చి మెట్ల మీద నా పక్కన నిలబడింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా పేరెందుకు రాయలే?" అడిగాను.

"రాద్దామనే కూసున్న. రెండుసార్లు రాసి కొట్టేసిన. పెన్ను జరగలే." నా వైపు తిరిగింది. "మీకు మాట కంటే ఎక్కువ ఏమన్న ఉందా? చెప్తే నేను బయటపడుదును కద?"

"మాట తప్పితే రేపు నీకిచ్చే మాట నువ్వు ఎట్ల నమ్ముతవ్?"

"నాకేం మాట ఇస్తరు?"

హాగ్లర్ మీదయితే గంటసేపు మాట్లాడగలను. ఇక్కడ రెండు మాటలకే వెతుక్కున్నాను. చివరికి ఎట్లాగో అన్నాను. "పరీక్ష రిజల్టు రానీ. రాగానే మా నాయినను మీ తండాకు తోలుకొస్త. నీకు ఇష్టమైతేనే."

ఆమె ముఖం ఎర్రబడింది. అయినా ఆ చెక్‌పోస్టు చూపు వదల్లేదు. మొదటిసారి మా భాషలో అడిగింది, "మీ ఇంటిపేరు?"

మా ఇంటిపేర్లను బట్టే గోత్రం తెలుస్తుంది. మా వాళ్ళలో ఒకే గోత్రం వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. ప్రేమ గీమ అన్నీ ఆ తర్వాతే. ఇన్ని రోజులూ ఆ సంగతి తలచుకోకుండా తిరిగిన నా తెలివికి నాకే సిగ్గేసింది.

"ధరావత్," అన్నాను ఊపిరి బిగబట్టి. "మీది భూక్యా. అంటే మీరు రాథోడ్లు, మేము జాదవులం. వేరే వేరే. కుదురుతది... కుదురుతది కద?"

"కుదురుతది," అంది రూప్లి, చూరు నీళ్ళకు అరచెయ్యి పట్టి. "నేను ఎప్పుడో చూసుకున్న, మెంబర్షిప్ కార్డు మీద."

"ఎప్పుడు?"

"దొంగవా కాదా అని చూడకముందే."