ఒకే బకెట్, ఒకే నీలం

కొట్లో మిగిలింది ఒక్కటంటే ఒక్క నీలం రంగు ప్యాకెట్. దాని మీద ఒకేసారి రెండు చేతులు పడ్డాయి. ఒకటి పాటల టీచరుది, రెండోది పక్క వీధి దర్జీది.

"నేను ముందు చూశాను," అందామె.

"నేను ముందు పట్టుకున్నాను," అన్నాడతను.

రేపు సాయంత్రమే ఆమె బృందం మొదటి కచేరీ. అందరూ నీలం వేసుకోవాలి, లేనివాళ్లు వెనక వరసకే. మొదటి పాట ఆమెది. ఇదంతా అతనికి గడగడా చెప్పేసింది. ఉన్న ఒక్క కాటన్ కుర్తా చూస్తే తెల్లది. ఇలాంటప్పుడు ఈయనగారు సంచిలోంచి తెల్ల చొక్కా తీసి, దీనికీ నీలమే కావాలంటుంటే ఆమెకు ఒళ్లు మండింది.

"రెండు బట్టలకు సరిపోతుందమ్మా," అన్నాడు కొట్టు పెద్దాయన. "ఒకే బకెట్లో ముంచుకోండి, నా ప్రాణం తియ్యకండి."

"మా ఇంట్లో ముంచుదాం. మా అమ్మ ఉంటుంది," అన్నాడు దర్జీ, ఎవరూ అడక్కముందే.

ఆమె సంచిలోకి తొంగి చూసి నవ్వు ఆపుకున్నాడు. "రంగులో వెయ్యడానికి ఉప్పు సరే. ఇది వంట సోడా కదండీ. కేకు చేస్తున్నారా?"

"సోడా అంటే సోడాయే కదా?"

"బట్టల సోడా వెయ్యకపోతే రంగు నూలుకి పట్టదు. ఒక్క ఉతుకుతో కచేరీ గోవిందా."

ఆమె నాలిక కరుచుకుంది. ఇక మొదలైంది పరుగు. మూల కొట్లో లేదు, మందుల షాపులో నవ్వారు. చివరికి ఇస్త్రీ అతని దగ్గర దొరికింది. గొడవ పడుతున్నామన్న సంగతి ఎక్కడ మరిచిపోయిందో ఆమెకే గుర్తు లేదు.

దర్జీ ఇంట్లో వాళ్లమ్మ పాత బకెట్, వేడినీళ్లు ఇచ్చింది. గ్లవ్స్ ఒక్క జతే ఉంటే అతను ఆమెనే తొడుక్కోమన్నాడు.

జాడించి తీసేసరికి కుర్తా నిండు నీలం. ఆమెకు గంతెయ్యాలనిపించింది. చొక్కా మాత్రం వెళ్లినంత తెల్లగానే తిరిగొచ్చింది. ఆమె వేళ్లతో నలిపి చూసింది.

"ఇది పాలిస్టర్ కదూ?"

"అవునండీ."

"దీనికి ఈ రంగు పట్టదని దర్జీకి తెలియదా?"

"కొట్లోనే తెలుసు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "రోజూ పాడుకుంటూ మా షాపు ముందు నుంచే వెళ్తారు. ప్యాకెట్ మీకు వదిలేస్తే ఇవాళా అలాగే వెళ్లిపోయేవారు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా," అంది వాళ్లమ్మ వంటింట్లోంచి. "నువ్వు వెళ్లే వేళకి వీడు కుడుతున్న జేబు వీపుకి కుట్టేస్తున్నాడు."

ఆమె పకపకా నవ్వింది.

"రేపు కచేరీకి రావచ్చా?" అన్నాడతను. "నీలం లేనివాళ్లకి వెనక వరసేగా?"

ఆమె అతని చేతులు చూసింది. మణికట్టు దాకా నీలమే. గ్లవ్స్ విప్పి, తడి ఆరని ఆ చేతిని పట్టుకుంది.

"మీరు ముందు వరసలోనే కూర్చోండి," అంది.