డోళ్లు ఆగిన చోట

శాండ్రింగ్‌హామ్ కమ్యూనిటీ హాల్లో ఆ సాయంత్రం ఫ్రెడ్రిక్ చేసిన తప్పల్లా ఒక్కటే. అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

స్టేజి మీద ఉన్నది ఆడవాళ్ల ఆఫ్రికన్ డోళ్ల బృందం. నేల అదిరేలా ఆడుతున్నవాళ్లూ, వాయిస్తున్నవాళ్లూ ఒక్కసారిగా ఆగిపోయారు. అయిపోయిందనుకుని మనవాడు ఠప్పున చేతులు కలిపాడు. అయిపోలేదు. ఊపిరి పీల్చుకునేంత విరామం, అంతే. ఆ నిశ్శబ్దంలోంచి పెద్ద డోలుతో అందుకోవాల్సిన అమ్మాయి ఉలిక్కిపడి కర్ర జారవిడిచింది.

ప్రోగ్రామ్ అవగానే నేరుగా అతని దగ్గరికి వచ్చింది. పక్కనున్న ఫ్లాట్‌మేట్‌తో అతను తెలుగులో గొణగడం విన్నట్టుంది.

"ఏవండీ, చప్పట్లు కొట్టింది మీరేనా?"

"బాగుందనిపించి... కొట్టేశానండీ."

"బాగున్నదాన్ని బాగుండనివ్వచ్చుగా!"

పేరు నిరుపమ. అదే ఊళ్లో పాపటోయిటోయి వైపు ఓ కేర్ హోమ్‌లో నర్సు. పగలంతా ముసలివాళ్లతో మెత్తగా మాట్లాడే మనిషి, డోలు ముందు నిలబడితే వేరే మనిషి. ఫ్రెడ్రిక్ ఆ కోపానికే పడిపోయాడు.

బృందాన్ని నడిపేది గినీ దేశపు మరియామా ఆంటీ. డోళ్లు మోయడానికి మనిషి కావాలని ఆవిడ అనడం ఆలస్యం, గోడౌన్‌లో పనిచేసే ఫ్రెడ్రిక్ వ్యాన్‌తో సహా హాజరయ్యాడు. ప్రతి శనివారం ప్రాక్టీసు, అతనికి మూలన కుర్చీ. ఎంత జాగ్రత్తగా కూర్చున్నా, డోళ్లు ఆగగానే చేతులు వాటంతటవే కలిసేవి. అందరూ నవ్వేవాళ్లు. నిరుపమ మాత్రం కళ్లురిమి, అప్పుడు డోలు అందుకునేది.

"తిట్టకు," అనేది ఆంటీ ఇంగ్లీషులో. "మా ఊళ్లో చూసేవాళ్లు ఊరికే కూర్చుంటేనే తప్పు."

ఓ వాన రోజు వ్యాన్‌లో డోళ్లు సర్దుతూ నిరుపమ చెప్పింది. "ఇన్వర్‌కార్గిల్ హాస్పిటల్లో జాబ్ వచ్చిందండీ."

ఇన్వర్‌కార్గిల్ అంటే దేశానికి దక్షిణాన ఆ చివర, విమానమెక్కి వెళ్లాల్సినంత దూరం. ఫ్రెడ్రిక్ మనసులో మాట గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం "కంగ్రాట్స్" అని పడింది.

"వచ్చే శనివారం నా లాస్ట్ షో. ఆ ఒక్క రోజన్నా కొట్టకండి, ప్లీజ్."

"ఒట్టండీ. కొట్టను."

శనివారం హాలు నిండిపోయింది. ఫ్రెడ్రిక్ చేతులు రెండూ జాకెట్ జేబుల్లోకి తోసి పిడికిళ్లు బిగించాడు. డోళ్లు ఆగాయి. అతను కదల్లేదు.

నిరుపమ కర్ర ఎత్తింది. దించలేదు.

నిశ్శబ్దం సాగింది. మరియామా ఆంటీ వెనక్కి తిరిగి చూసింది. ఆడేవాళ్ల చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. నిరుపమ కళ్లు జనంలో ఎవరికోసమో వెతికి వెతికి, అతని మీద ఆగాయి.

ఫ్రెడ్రిక్ లేచాడు. గబగబా చేతులు తీసి, కొట్టాడు.

పెద్ద డోలు మోగింది.

"కొట్టొద్దన్నారుగా?" అన్నాడు తర్వాత, వ్యాన్ దగ్గర.

"అన్నాను." ఆమె కళ్లనిండా నీళ్లు, మాటలో కోపం. "మీ చప్పుడు వినపడితేగాని నా చెయ్యి ఆడట్లేదు. అలా అలవాటు చేసేశారు. అక్కడ ఎవరు కొడతారు?"

"నేనే. మీరంటే నాకు ఇష్టం నిరుపమా, తిట్టిన రోజు నుంచీ. అక్కడ మాత్రం గోడౌన్లుండవా? జాబ్ వెతుక్కుని వచ్చేస్తా."

"చలి చంపేస్తుందట."

"జాకెట్ ఉందిగా."

ఆమె నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "వచ్చేదాకా?"

అతను వంగి ఆమె డోలు ఎత్తి వ్యాన్‌లో పెట్టాడు.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైను దగ్గరికి వెళ్లి నిరుపమ ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు, అడుగూ వెయ్యలేదు. వెనకున్నాయన "ఆర్ యూ గోయింగ్?" అని మర్యాదగా అడిగాడు. అయినా కదల్లేదు.

దేనికోసం ఆగిందో ఫ్రెడ్రిక్‌కి తెలుసు. కొడితే వెళ్లిపోతుంది. ఇంకాసేపు, ఇంకొక్క క్షణం అనుకుంటూ చేతులు జేబుల్లోనే ఉంచుకున్నాడు.

చివరికి తీసి, ఒక్కసారి కొట్టాడు.

నిరుపమ భుజాలు నవ్వుకో ఏడుపుకో కదిలాయి. లోపలికి నడిచింది. అతని చేతులు మాత్రం చాలాసేపు అలా కలిసే ఉండిపోయాయి.