ఏడో బోరు వీడియో

ఉరవకొండకు ఆరు మైళ్ల దూరంలో, తారురోడ్డు వదిలి మట్టిదారి పట్టే చోట ఇమ్మానుయేలు ఇల్లు. రేకుల వసారా, దాని కింద నులక మంచం, మంచం మీద ఇమ్మానుయేలు, చేతిలో ఫోను. ఏడాదిగా ఆ ఇంటికి ఎవరు ఎప్పుడు వచ్చినా కనబడేది అదే.

అంతకు ముందు అతన్ని అందరూ బోరు కెమెరా ఇమ్మానుయేలు అనేవాళ్లు. నీళ్లు ఆగిపోయిన బోరులోకి వైరు కట్టిన కెమెరా దించి, ఎక్కడ పూడిందో, ఎక్కడ ఊట ఉందో, మోటారు ఎక్కడ ఇరుక్కుందో పైన చిన్న టీవీలో రైతుకు చూపించే పని. వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. రైతులు బోర్ల మీద ఆశ వదులుకున్నారు. చచ్చిన బోరులో ఏముందో చూడ్డానికి ఎవరు పిలుస్తారు? కెమెరా పెట్టె మంచం కిందికి చేరింది.

ఆ రోజుల్లోనే అతని ఫోనులోకి దుడ్ల యాప్ వచ్చింది. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది గానీ ఊళ్లో అందరూ అనేది అదే. అందులో ఏదైనా పెడితే నచ్చినవాళ్లు ఓట్లు వేస్తారు. ఓట్లను బట్టి క్రిప్టో కాయిన్లు పడతాయి. అమ్ముకుంటే దుడ్లు. ఇమ్మానుయేలుకు రాయడం రాదు, పాడడం రాదు. అందుకే ఎక్కడెక్కడి వార్తలో, వంటలో, కోతి చేష్టలో, కంటబడిన లింకునల్లా తెచ్చి అక్కడ పెట్టేవాడు. పొద్దున లేచింది మొదలు అదే పని. బొటనవేలు వాచిపోయేది, కళ్లు మండేవి. కాయిన్లు మాత్రం చీమలు మోసుకొచ్చే గింజల్లాగా ఒకటీ అరా చేరేవి. అతని భార్య ఎలిజబెత్ మోకాలి ఆపరేషనుకు అవే ఆధారం. ఆ మోకాలితోనే ఆమె రోజూ శెనక్కాయల మిల్లుకు కూలికి పోయేది.

మార్చి చివర్లో యాప్ నుంచి నోటీసు వచ్చింది. లింకులు తప్ప సొంతది ఏదీ పెట్టనివాళ్ల ఖాతాలు మూసేస్తారట. ఏడు రోజుల గడువు. ఈలోగా సొంతంగా తీసిన వీడియో ఒక్కటైనా పెట్టకపోతే కాయిన్లతో సహా అంతా పోతుంది. నోటీసు కింద ఎవరో ముక్కూమొహం తెలియనివాడు రాశాడు: “మందివి మోసింది చాలన్నా. నీదంటూ ఒకటి పెట్టు.”

ఆ మాట ఇమ్మానుయేలుకు ముల్లులాగా గుచ్చుకుంది. తనదంటూ ఏముంది? ఈ ఎండా, ఈ దుమ్మూ అందరివీ. అయిదు రోజులు ఫోను పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

ఆరో రోజు పొద్దున మిల్లుకు పోతూ ఎలిజబెత్ గడపలో ఆగింది.

“ఏమయ్యా, నీ మంచం కింద ఏముండాదో మర్చిపోయినావా?”

“పాత సామాను.”

“భూమి లోపల ఏముండాదో ఈ ఊర్లో నువ్వు తప్ప ఎవురు చూసినారు? అది నీది కాదా?”

మధ్యాహ్నానికి ఇమ్మానుయేలు పెట్టె భుజాన వేసుకుని బయ్యన్న చేలో ఉన్నాడు. బయ్యన్నది పదెకరాల మెట్ట. ఏడు బోర్లు వేయించాడు. ఏడోది తొమ్మిది వందల అరవై అడుగులు. ఒక్క చుక్క పడలేదు. ఆ తర్వాత ఆయన గొర్రెల్ని పెట్టుకున్నాడు.

“ఆడ దుమ్ము తప్ప ఏముండాదప్పా చూసేకి?” అన్నాడు బయ్యన్న, ఏడో బోరు కేసింగు పైపు మీది బండరాయి పక్కకు నెడుతూ.

“ఆ దుమ్మునే చూపిస్తానన్నా.”

“చూపించుకో పో. నాకేమి నష్టం.” బయ్యన్న గొర్రెల్ని తోలుకుని ఎండిన వంక వైపు వెళ్లిపోయాడు.

చుట్టూ పురుగన్నది లేదు. ఎండకు దూరపు గుట్టలు వణుకుతున్నట్టున్నాయి. గాలి ఆగిపోయింది. ఇమ్మానుయేలు కెమెరా చుట్టూ ఉండే చిన్న దీపాలు వెలిగించి, టీవీలో రికార్డు నొక్కి, పైపు మీదికి వంగి గొంతు సవరించుకున్నాడు.

“అందరికీ నమస్కారం. నా పేరు ఇమ్మానుయేలు. ఇది యాడా ఎవురూ చూడనిది. నేను సొంతంగా తీస్తాండేది.”

మాటలు కిందికి జారిపోయాయి. ప్రతిధ్వని రాలేదు.

వైరు వదలసాగాడు. కేసింగు అయిపోయింది. ఎర్రమట్టి, దాని కింద సుద్దరాయి, దాని కింద నల్లబండ. టీవీ మూలన అడుగుల లెక్క పెరుగుతూ పోయింది. రెండు వందలు. మూడు వందల యాభై. చూస్తూ చూస్తూ పాత పనివాడి సంతోషం అతనికి చాలా రోజులకు మళ్లీ కలిగింది. చేతులు ఏదీ మరిచిపోలేదు.

అయిదు వందల దగ్గర పైపులోంచి వాసన వచ్చింది. తొలకరి పడ్డప్పుడు మట్టి వదిలే వాసన. ఎనిమిది నెలలుగా చినుకు లేదు. ఇమ్మానుయేలు ఆశగా టీవీలోకి చూశాడు. గోడలు ఎండిపోయి పొడిగానే ఉన్నాయి.

ఏడు వందల ముప్పై.

వైరు వదులైంది.

బోరు అట్టడుగు తగిలిందా? ఇంకా రెండు వందల ముప్పై అడుగులు ఉండాలి. పూడిపోయిందేమో అనుకున్నాడు. కానీ టీవీలో అడుగు కనబడడం లేదు... నలుపు. గోడల నడుమ వట్టి నలుపు. కెమెరా దేని మీదో ఆగి ఉంది. ఆగినట్టు కూడా లేదు. ఎవరో పట్టుకున్నట్టుంది.

అంతలో తెర మొత్తం మూసుకుపోయింది. అరచెయ్యి అడ్డం పెట్టినట్టు. ఒకసారి... రెండుసార్లు... మెల్లగా, అటూ ఇటూ.

మళ్లీ తేటపడింది.

ఇమ్మానుయేలు గబగబా వైరు చుట్టాడు. అరచేతులు ఒరుసుకుపోయినా ఆగలేదు. కెమెరా పైకి వచ్చింది. ఏ బోరులో దించినా దాని అద్దం దుమ్ము కొట్టుకుని వస్తుంది. ఇరవై ఏళ్లలో అలా రానిది లేదు. ఇప్పుడు అద్దం కొత్తదానిలా మెరుస్తోంది. ఎవరో శ్రద్ధగా తుడిచినట్టు.

పైపు మీద బండ నెట్టి ఇంటి దారి పట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఎలిజబెత్ మిల్లు నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాక, ఆమె పక్కనే కూర్చుని వీడియో ఫోనులోకి ఎక్కించి యాప్‌లో పెట్టాడు. పెట్టబోయే ముందు కొంచెం తటపటాయించాడు. కానీ గడువు మర్నాటితో సరి. యాప్ ఏ వీడియోనైనా ముందు పరీక్ష చేస్తుంది, ఇంతకు ముందే ఎవరైనా పెట్టిందా అని. తెర మీద చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది.

“ఇది మీ సొంతం కాదు. దీని అసలుది ఇక్కడ ఉంది.”

కింద ఒక లింకు.

“ఇదేమి అన్యాయమయ్యా?” అంది ఎలిజబెత్. “నువ్వు ఇప్పుడే గదా తీసుకోనొచ్చింది.”

ఇమ్మానుయేలు లింకు నొక్కాడు. పెట్టినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి గుండ్రం. పెట్టి ఆరు రోజులైంది, సరిగ్గా నోటీసు వచ్చిన రోజు.

వీడియో మొదలైంది. అంతా చీకటి. చాలా పైన, ఆవగింజంత వెలుతురు. ఆ వెలుతురును ఏదో ఒకసారి కప్పింది. మనిషి తల.

చాలా దూరం నుంచి, రాయి వెంబడి జారుతూ ఒక గొంతు వినబడింది.

“అందరికీ నమస్కారం. నా పేరు ఇమ్మానుయేలు...”

ఎలిజబెత్ అతని మోచెయ్యి పట్టుకుంది.

చీకట్లోంచి చిన్న చిన్న దీపాల వలయం ఒకటి దిగడం మొదలైంది. మెల్లగా. ఊగుతూ. పెద్దదవుతూ. అతని కెమెరా. తీస్తున్నది కింద ఉంది. పైకి చూస్తోంది. దీపాలు దగ్గరికొచ్చాయి, ఇంకా దగ్గరికి... తెరంతా తెల్లగా నిండిపోయింది. తర్వాత గుడ్డతో అద్దం తుడుస్తున్న చప్పుడు. అటూ... ఇటూ...

తర్వాత దీపాలు వేగంగా పైకి వెళ్లిపోయాయి. చీకటి మిగిలింది. ఆ చీకట్లో ఎవరో నిదానంగా ఊపిరి తీసుకుంటున్నారు.

“ఆపెయ్...” అంది ఎలిజబెత్ గుసగుసగా.

వీడియో కింద ఓట్ల అంకె చూస్తుండగానే పెరుగుతోంది. ఇమ్మానుయేలు దాని కింద రాశాడు: “ఎవరప్పా నువ్వు? ఇది నాది.”

జవాబు వెంటనే వచ్చింది.

“సొంతది నాది. నువ్వు లింకు.”

ఫోను మూసి బియ్యం డబ్బాలో పడేశాడు.

తెల్లారగానే బయ్యన్న దగ్గరికి పోయాడు. నిజం చెప్పలేకపోయాడు. “పిల్లోళ్లు పడితే నీ మీదికొస్తాదన్నా, మూసేద్దాం” అన్నాడు. బయ్యన్నకూ అది సబబుగానే తోచింది. కేసింగు కోసి, నాపరాయి పరిచి, చుట్టూ సిమెంటు పూశారు. ఆ సాయంత్రమే అతని ఖాతా మూతపడింది. ఏడాది గింజలు ఒక్కసారిగా పోయాయి.

“పోతే పోనీలే” అంది ఎలిజబెత్. “మోకాలు యాడికీ పోదు. ఇంకో ఏడు ఓర్చుకుంటా.”

ఇమ్మానుయేలు కెమెరా కొత్తచెరువు ఊరి మనిషి ఒకడికి వచ్చినకాడికి అమ్మేసి, తనూ మిల్లులో మూటలు మోసే పనికి కుదిరాడు. అలసిపోయి ఇంటికొచ్చేవాడు, తిని పడుకునేవాడు. ఆ అలసట అతనికి నచ్చింది. అందులో ఎవరి గొంతూ వినబడేది కాదు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం బయ్యన్న మిల్లు గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, చెప్పులు కూడా లేవు.

“రాప్పా... బిరీన రా!”

చేలోకి లాక్కుపోయాడు. నాపరాయి పక్కన గడ్డపార సిద్ధంగా ఉంది. బయ్యన్న కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“చూడు. నీళ్లప్పా. నా బోరులో నీళ్లు పడినాయి. ఎనిమిదేండ్లు మొక్కుకున్నా ఇమ్మానుయేలూ, ఎనిమిదేండ్లు...”

నిప్పులు చెరిగే ఎండలో, కాలు పెడితే బొబ్బలెక్కే ఆ రాతి నడుమ ఒక తడి మచ్చ ఉంది. గుండ్రంగా, పళ్లెమంత. ఇమ్మానుయేలు మోకాళ్ల మీద కూర్చుని దాని మీద చెయ్యి పెట్టాడు. చుట్టూ ఉన్న రాయి కాలుతోంది. తడి మాత్రం కాలడం లేదు. గోరువెచ్చగా ఉంది.

“జరుగు, పగలగొడతా” అన్నాడు బయ్యన్న గడ్డపార ఎత్తి.

“వద్దన్నా... ఒక్క నిమిషం ఆగు. దాన్ని చూడు.”

బయ్యన్న గడ్డపార ఎత్తినట్టే ఉంచి కిందికి చూశాడు.

మచ్చ మెల్లగా చిన్నదైంది. రూపాయి బిళ్లంత అయి, మాయమైంది. రాయి పొడిగా తెల్లబడింది. కాసేపు ఆగి, మళ్లీ అదే చోట తడి మొదలైంది. అద్దానికి మొహం ఆనించి ఊపిరి వదిలినట్టు, పళ్లెమంతయ్యే దాకా పెరిగింది... మళ్లీ తగ్గసాగింది.