డాక్టరమ్మ గాజుపళ్లెం

చేయాల్సిన పనులు ఇవి: మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దూరాలి. కోడ్ మాట చెప్పాలి. సాయంత్రం ఫొటో తీసేదాకా ఒక గాజుపళ్లేన్ని కాపాడాలి. తుపాకీ పేల్చకూడదు.

"రుజువుగా ఫొటో పడితే అందులోని క్యాన్సర్ మందు అందరిదీ. ఈలోపు పళ్లెం పోతే విదేశీ ముఠాది," అన్నాడు చీఫ్. "లోపల డాక్టరమ్మకు సహాయకురాలిగా ఒక మేడమ్ ఉంటుంది. మన ఏజెంటే."

ల్యాబ్‌లో డాక్టరమ్మ తలకు స్కార్ఫ్ చుట్టుకుని గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఇంట్లో చుట్టాలున్నారా?" అడిగాడు ఏజెంట్.

"ఉన్నారు. కుర్చీ ఒకటే ఉంది."

కోడ్ కలిసింది. ఆమె మైక్రోస్కోప్ కింద పళ్లెం చూపించింది. ఆకుపచ్చవి మంచి కణాలు, ఎర్రవి క్యాన్సర్‌వి.

"పక్కపక్కనున్న కణాలు ఊరుకోవు తమ్ముడూ. చోటు కోసం పోటీ. మొదట్లో మంచివే చెడ్డదాన్ని బయటికి గెంటేస్తాయి. అది బలిసిందా, మంచివాటిని చంపి ఇల్లంతా తనదే అంటుంది. నా మందు పడ్డాక ఈ పళ్లెంలో మంచివి మళ్లీ గెలుస్తున్నాయి."

"ఇవి ఎవరివండీ?"

"నావే. రెండు రంగులూ."

"మరి ఆ మందు మీరు..."

"నాలో పచ్చవి ఏం మిగిలాయని? ఎవరికి పొయ్యను మందు?"

 ఏజెంట్ స్క్రూడ్రైవర్ తిప్పుతూ నిలబడ్డాడు. టేబుల్ మీద మేడమ్ పౌడర్ డబ్బా చేతికి వెచ్చగా తగిలింది. పౌడర్‌కు వేడెందుకు? వెచ్చగా ఉండాల్సింది కణాలు కదా. చప్పుడు చేయకుండా అందులో బ్యాటరీ తీసేసి, తన టార్చిలోని పాతది పెట్టాడు.

సాయంత్రం డాక్టరమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెకు మంచినీళ్లు పట్టేలోపు పళ్లెం మాయమైంది.

మెట్ల మీద మేడమ్ దొరికింది. ఖరీదైన సెంటు, ఒక చేతిలో ఆ పౌడర్ డబ్బా, ఇంకో చేతిలో పిస్టల్.

"మన మనిషివన్నారే?"

"అందరి మనిషినీ. పక్కకు జరుగు, మెకానిక్ బాబూ."

జరిగాడు. అంతకన్నా చేయగలిగింది లేదు.

అప్పుడే డబ్బా మీది దీపం ఆరిపోయింది. ఆమె ముఖం పాలిపోయింది. ఏళ్లకేళ్లు కణాలను పెంచిన చేతులవి, పళ్లెం చల్లబడితే ఓర్చుకోలేవు. ఆలోచించకుండానే పిస్టల్ మెట్టు మీద పెట్టి, డబ్బాలోని పళ్లేన్ని తీసి రెండు అరచేతుల్లో పొదువుకుంది.

పిస్టల్ అతను తీసుకున్నాడు.

"ఛ," అంది. చేతులు మాత్రం తీయలేదు. "ముందు దీన్ని వెచ్చగా పెట్టనివ్వు. బేడీలు తర్వాత."

వెలుగు పోయే ముందు కెమెరా క్లిక్‌మంది. పళ్లెమంతా పచ్చన. అంచున ఒక్క ఎర్రచుక్క, గెంటేసిన చుట్టంలా.

"గెలిచాం డాక్టరమ్మా."

"పళ్లెంలో," అని నవ్విందామె.

డాక్టరమ్మ ఆ నెల దాటలేదు.

ఆఫీసు ఫైల్లో 'నష్టం: టార్చి బ్యాటరీ ఒకటి' అని రాసుకున్నారు. వాళ్ల లెక్క వాళ్లది. డాక్టరమ్మను మీరైనా గుర్తుపెట్టుకోండి.